అంగడి నడుమ కాపురము

హైదరాబాదున పంజాగుట్ట కూడలిలో బయలుదేరి అమీర్‌పేట మీదుగా మైత్రీవనము చేరుటకు నడకన అరగంట పట్టదు. ఆ కొద్ది దూరములోనే పట్టుచీరలు, పెండ్లినగలు, పాదరక్షలు, కండ్లజోళ్లు, సెల్‌ఫోన్లు, మందులు, కంప్యూటర్ పాఠములు, ఇడ్లీలు, బిర్యానీలు మార్గమునకిరువైపుల అమ్ముడుపోవుచుండును. ఆదిలాబాదు నుండి పెండ్లిబట్టలకు వచ్చిన కుటుంబము, శ్రీకాకుళము నుండి జావా నేర్వవచ్చిన పట్టభద్రుడు, నిమ్స్ ఆసుపత్రిలో మంచము పట్టిన తండ్రి కొరకు పండ్లు కొనవచ్చిన కుమార్తె, వీరందరును ఒకరి భుజమునొకరు రాచుకొనుచు ఈ బాటనే సాగుదురు. ఇన్ని జిల్లాలకు పరిచితమైన ఈ బజారును గూర్చి పత్రికలు వ్రాయునపుడు అచ్చటి వ్యాపారమెంత, అద్దెలెంత, రద్దీ యెంత అను ప్రసంగమే తఱచు కనబడును గాని, ఆ అద్దాల భవనముల వెనుక ఇరుకు సందులలో దశాబ్దములుగా కాపురముండి ఉప్పుపప్పులు కొనుక్కొనుచున్న గృహస్థుల మాట అంతగా వినబడదు. ధరమ్‌కరణ్ రోడ్డు, లీలానగర్, బల్కంపేట, సంజీవరెడ్డి నగర్, మధురానగర్, ద్వారకాపురి కాలనీ, నాగార్జున హిల్స్ మున్నగు వాడలవారికి ఈ అంగడి నిత్యము దాటవలసిన వాకిలి. దూరమునుండి వచ్చు లక్షలాది జనుల అక్కఱలు తీర్చుటలో ఇంతటి నేర్పు గడించిన ఈ అంగడి, తన వెనుకనే యున్న ఇంటి అక్కఱ తీర్చుటలో ఏటేట వెనుకబడుచున్నదని నా అభిప్రాయము. నేను చెప్పదలచినదియు నదియే.

ఈ ప్రాంతము మొదటినుండి బజారు కాదు. 1950ల చివర సారథి స్టూడియో నెలకొన్న కాలమున అమీర్‌పేట నగరపు టంచున నున్న ప్రశాంతమైన వాడ. చీర కావలెనన్న సుల్తాన్ బజారుకు, శుభకార్యమునకు కిరాణా కావలెనన్న బేగంబజారుకు, గాజులకు చార్మినారు చెంతనున్న లాడ్‌బజారుకు, కూరగాయలు గంపలకొలది కావలెనన్న సికింద్రాబాదు మోండా మార్కెట్టుకు ప్రయాణము గట్టుట ఇచ్చటివారి అలవాటు. నిత్యావసరములకు మాత్రము వీధి మొగనొక కిరాణా కొట్టు, తోపుడుబండి, పాలవాడు, పిండిగిర్ని, ఇస్త్రీబండి, చెట్టుక్రింద చెప్పులు కుట్టువాడు చాలెడివారు. అనగా పెద్ద కొనుగోలు దూరమున, చిన్న కొనుగోలు గుమ్మమున జరుగుచుండెడిది. నేడీ వరుస తలక్రిందులైనది. లక్ష రూపాయల చీర గుమ్మమున దొరకును. కుట్టు తెగిన చెప్పును బాగుచేయించుకొనుటకు మాత్రము వీధివీధి వెదకవలయును.

ఈ మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. 1975లో ఏర్పడి, జనుల నోట హుడాగా ప్రసిద్ధమైన నగరాభివృద్ధి సంస్థ, ఇచ్చట మైత్రీవనము, స్వర్ణజయంతి సముదాయము వంటి బహుళాంతస్తుల భవనములను నెలకొల్పినది. వానిలో కార్యాలయములతోపాటు కంప్యూటర్ శిక్షణాలయములు చేరినవి. 2000వ సంవత్సరము సమీపించుకొలది అమెరికాలో ప్రోగ్రామర్ల గిరాకీ పెరుగుటచే ఆ శిక్షణాలయములు ప్రక్క సందులకును, పై అంతస్తులకును ప్రాకినవి. వానిని వెన్నంటి వసతిగృహములు, వసతిగృహములను వెన్నంటి భోజనశాలలు వచ్చినవి. ఇంకొకవైపున చందనా బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్, చెర్మాస్, కళామందిర్ వంటి వస్త్రాలయములు ఈ మార్గమును తెలుగువారి పెండ్లిబట్టల కూడలిగా మార్చినవి. నేలమీది దుకాణమున కద్దె పెరిగినపుడు ఎక్కువ లాభము నిచ్చు సరుకే అచ్చట నిలువగలదు గాని, కిలో వంకాయలమీద రెండు రూపాయలు మిగుల్చుకొను వర్తకుడు నిలువలేడు. పిండిగిర్ని పోయి పాదరక్షల దుకాణము వచ్చుటకు ఎవరి దుర్బుద్ధియు కారణము కాదు. అద్దె లెక్కయే కారణము.

కిరాణా వ్యాపారము పెద్ద సంస్థల చేతికి పోయిన చరిత్రయు ఈ నగరమున విశేషమైనదే. 1986లో హైదరాబాదుననే పుట్టి, మధ్యతరగతి గృహిణులకు చక్రాలబండి త్రోసుకొనుచు సరుకును చేతితో ఏరుకొను అలవాటు నేర్పిన త్రినేత్ర దుకాణములు 2007లో ఆదిత్య బిర్లా సంస్థ వశమై, అనంతరము మోర్ అను పేర కొనసాగినవి. 2001లో నగరమున కాలుమోపిన బిగ్ బజార్ తరువాత అమీర్‌పేటకును వచ్చినది. పంజాగుట్ట కూడలిలో హైదరాబాద్ సెంట్రల్ 2004లో తెఱువబడినపుడు, ఏమియు కొనకయే ఆదివారము సాయంకాలము చల్లని గాలిలో తిరిగివచ్చుట యనునది కుటుంబములకొక వినోదమైనది. ఈ రెంటికిని మాతృక యైన ఫ్యూచర్ గ్రూపు అప్పుల పాలై, 2022లో దాని దుకాణములు పెక్కు రిలయన్స్ చేతికి పోవుట దేశమంతయు చూచినది. నెలసరుకులకు అంతవరకు అచ్చటికే పోవుచుండిన ఇండ్లవారు ఉన్నట్లుండి వేఱొక చోటు వెదకుకొనవలసి వచ్చెను. సందు మొగనున్న కిరాణా సేటు అపుడును ఉండెను, ఇపుడును ఉన్నాడు. ఆయన వద్ద పది రకముల పప్పు ఉండకపోవచ్చును. కాని "సేటూ, ఖాతాల రాసుకో, పింఛను పడినంక ఇస్త" అని విశ్రాంత ఉద్యోగి యొకడు అడుగగల చోటు అదియొక్కటే.

పండుగల కొనుగోలు తీరు చూచినచో ఈ అంగడి పంచాంగము ననుసరించి శ్వాసించునని తోచును. ఆషాఢము శూన్యమాసమని పెండ్లిండ్లుండవు, కొత్తకోడలు పుట్టింటికి పోవును. కనుక ఒకప్పుడు వస్త్రవర్తకులకది పస్తుల నెల. ఆ వెలితిని పూడ్చుటకు పుట్టిన ఆషాఢపు తగ్గింపు అమ్మకములు నేడు తెలుగునాట ఒక ఆచారముగ స్థిరపడినవి. అదే మాసమున బల్కంపేట ఎల్లమ్మ కల్యాణము జరుగును. నేలకు దిగువన బావిలో వెలసిన ఆ తల్లికి చీరయు, ఒడిబియ్యమును సమర్పింప వచ్చు భక్తజనముతో సంజీవరెడ్డి నగర్ మొదలుకొని అమీర్‌పేట వరకు పసుపుకుంకుమల బండ్లు, గాజుల బండ్లు, వేపమండలమ్మువారు బారులు తీర్తురు. ఆ వెనుకనే శ్రావణము వచ్చును. వరలక్ష్మీవ్రతము, పెండ్లిముహూర్తములు, పట్టుచీరలు, బంగారము. ఈ వాడల ఇల్లాండ్రను విచారించినచో, దుకాణములు క్రిక్కిఱిసియుండు ఆదివారములను విడిచి, వారము నడుమ పగటిపూట, వర్తకులు తీరికగ నుండువేళ చీరలు చూచుకొందుమని చెప్పుదురు. అపుడు అమ్మెడి పిల్లకు "అక్కా, ఇది నీకు బాగుంటది" అని నిదానముగ పది చీరలు విప్పి చూపుటకు వ్యవధి యుండును. నిత్యము ఇచ్చటనే యుండుటచే కలిగిన యొక చిన్న సౌకర్యము అది; వారు దానిని చక్కగ వినియోగించుకొనుచున్నారు.

బంగారము విషయమున మాత్రము మనవారు, ఎంత చదివినవారైనను, రేటును చూచినంత శ్రద్ధగ రసీదును చూడరు. గ్రాము ధర ఏ దుకాణమున నైనను ఇంచుమించు ఒక్కటియే. భేదమంతయు తరుగు, మజూరీలయందుండును. రాళ్లు పొదిగిన నగలో రాళ్ల బరువును బంగారపు బరువులో కలిపి లెక్కించిరా, విడదీసిరా అనునది అడిగి తెలిసికొనవలసిన విషయము. 2021 నుండి దేశమున హాల్‌మార్కు విధి దశలవారీగ అమలునకు వచ్చినది. 2023 ఏప్రిలు 1 మొదలు, ఆ విధి వర్తించు నగలను ఆరు అక్షరాంకముల ప్రత్యేక గుర్తు లేక అమ్మరాదు. ఆ గుర్తును బి.ఐ.ఎస్. కేర్ అను ఫోన్ యాప్‌లో ఎక్కించినచో నగ స్వచ్ఛత, దానిని పరీక్షించిన కేంద్రము తెలియును. దుకాణము గడప దాటకముందే ఈ పరీక్ష చేయుటకు రెండు నిమిషములు చాలును. పెండ్లి హడావుడిలో ఆ రెండు నిమిషములు దొరకవను మాటను నేను అంగీకరింపను. పిల్ల పెండ్లికి ఇరువది యేండ్లు కూడబెట్టిన సొమ్మది.

ఈ వాడలలో మఱియొక జాతి కొనుగోలుదారులు కలరు. వారు వాస్తవ్యులును కారు, బాటసారులును కారు: మూడు నెలలో, ఆరు నెలలో వసతిగృహమున నుండి కోర్సు ముగించి వెళ్లిపోవు యువకులు. వారు దిగిన దినమున కొను వస్తువుల పట్టిక ఎల్లరకు నొక్కటే. బకెట్టు, మగ్గు, చాప, తాళము, చార్జరు, జిరాక్సు దుకాణమున దొరకు పాఠ్యప్రతులు. గదులు తీసికొని కలిసియుండువారు అన్నము మాత్రము వండుకొని, కూరలు కర్రీ పాయింటున కొనుక్కొందురు. "అన్నా, పప్పొకటి, బెండకాయొకటి, సాంబారొకటి కట్టు" అను కేక సాయంకాలము ఏడు గంటలకు ప్రతి సందులోను వినవచ్చును. కర్రీ పాయింటును కొందఱు పెద్దలు చులుకన చేయుదురు గాని నేను చేయను. ఉద్యోగమునకు పోయివచ్చిన కోడలికిని, ఒంటరిగ నున్న ముసలి దంపతులకును, గదిలోని నలుగురు కుఱ్ఱలకును ఒకే గిన్నెలోని పప్పు చేరవేయు ఈ చిన్న దుకాణము హైదరాబాదు నగరము తన అవసరమునకు తానే నిర్మించుకొన్న మేలైన ఏర్పాటు.

ఈ యువజనముమీద ఇచ్చటి చిన్న వ్యాపారమెంతగ ఆధారపడియున్నదో 2020 మార్చి నెలలో బయటపడినది. కరోనా నిర్బంధము విధింపబడగనే వసతిగృహములు ఖాళీ చేయుమనుటయు, యువతీయువకులు స్వగ్రామములకు పోవుటకు అనుమతిపత్రముల కొరకు పోలీసు ఠాణాల ముందు బారులు తీరుటయు, ఆ పత్రములతో బయలుదేరినవారిలో పెక్కురు ఆంధ్రప్రదేశ్ సరిహద్దున నిలిచిపోవుటయు ఆ వారపు వార్తలలో ముఖ్యమైనవి. వారు వెళ్లినపిమ్మట టిఫిను సెంటర్లు, జిరాక్సు దుకాణములు, కర్రీ పాయింట్లు మూతపడియుండిన దినములలో ఈ వాడలను పోషించినది కిరాణా కొట్టును, కూరగాయల బండియును మాత్రమే. ఆ దినములు గడచిన వెంటనే మనము దానిని మఱచిపోయితిమి.

కూరగాయల సంగతి కొంత వివరింపదగినది. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతు బజార్ల పథకము క్రింద వెలసిన ఎర్రగడ్డ రైతు బజారు ఈ ప్రాంతపు గృహస్థులకు నేటికిని పెద్ద దిక్కు. దళారి లేక రైతే తెచ్చి అమ్ముట, ధరల పట్టిక బోర్డుమీద వ్రాయుట అను రెండు నియమములచేత అచ్చట బేరము అవసరముండదు. 2017 నవంబరు 28న మియాపూర్ నుండి నాగోలు వరకు మెట్రో రైలు ప్రారంభమైన తరువాత అమీర్‌పేట నుండి ఎర్రగడ్డ మూడవ స్టేషను. సంచి చేతబట్టి పోయివచ్చుట సులభమైనది. కాని మోకాళ్లనొప్పులున్న వృద్ధురాలికి మెట్రో స్టేషనువరకు చేరుటయే గండము. ఆమెకు కావలసినది తోటకూర కట్ట రెండు, పావుకిలో పచ్చిమిర్చి, కొత్తిమీర. ఇంతటి కొనుగోలుకై మూడు స్టేషన్లు పోవుట యనునది న్యాయము కాదు. ఇక పది నిమిషములలో సరుకు చేర్చు ఫోన్ యాప్‌లు కలవు గదా యందురు. కలవు, పిల్లలు విదేశములనుండియే బుక్ చేసి తల్లిదండ్రులకు పంపుచున్నారు. ఇది ఉపకారమే. కాని ఆకుకూరను చేతబట్టి చూచి, "నిన్నటిదా, ఇయ్యాల్టిదా?" అని అడిగి, కొసరుగ కరివేపాకు రెబ్బ తీసికొని, నలుగురితో నాలుగు మాటలాడి వచ్చుట ఆ వయసువారికి ఆరోగ్యమును, ఉల్లాసమును ఇచ్చు వ్యాయామము; దానిని యాప్ చేర్చలేదు.

మెట్రో విషయమున వాస్తవ్యుల అభిప్రాయము మిశ్రమమైనది. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగర్ మార్గమును, 2019 మార్చి 20న హైటెక్ సిటీ మార్గమును తెఱచుటతో అమీర్‌పేట రెండు మార్గములు కలియు కూడలి స్టేషనై, నగరపు నలుమూలలను ఇచ్చటికి దగ్గర చేసినది. పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల నానుకొని ఎల్ అండ్ టీ సంస్థ మాల్స్ కట్టినది. బస్సుకై నిలువవలసిన బాధ తగ్గినది. అయితే స్తంభముల నడుమ రోడ్డు దాటుట కష్టమైనది. స్టేషను మెట్లను వంతెనగ వాడుకొనవచ్చునన్న నిజమే గాని, లిఫ్టు ఎటున్నదో తెలియని పెద్దవారు వాహనముల నడుమనుండియే దాటుచున్నారు. పాదచారుల బాటను ద్విచక్రవాహనములు, దుకాణపు మెట్లు, జనరేటర్లు, ప్రకటన ఫలకములు ఆక్రమించిన చోట్ల వారు రోడ్డుమీదికే దిగవలసి వచ్చుచున్నది.

వాహనములు నిలుపుట పెద్ద చిక్కు. మాల్స్‌లో రుసుము విషయమై తెలంగాణ ప్రభుత్వము 2018 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము మొదటి అరగంట ఉచితము. అరగంటనుండి గంటవరకు ఏ కొద్ది మొత్తపు బిల్లు చూపినను ఉచితము. గంట దాటినపుడు పార్కింగు రుసుమునకు మించిన బిల్లు చూపినచో ఉచితము. మంచి ఉత్తర్వే. కాని ఇచ్చటి వస్త్రాలయములలో పెక్కింటికి వచ్చిన జనమునకు తగిన పార్కింగు చోటు లేనందున కార్లు వెనుక సందులలోనికి ప్రవహించును. గృహస్థులు గేటు ముందు పూలకుండీలు, రాళ్లు పేర్చి, "నో పార్కింగ్" అని ఎఱ్ఱరంగుతో వ్రాసికొనుట అందుచేతనే. అంబులెన్సు రావలసివచ్చినపుడు ఆ సందు ఏమగునన్నదే వారి భయము. ఆ భయము నిష్కారణమైనది కాదు. 2023 జనవరిలో సికింద్రాబాదు నల్లగుట్టయందలి డెక్కన్ మాల్ దగ్ధమైనది. అదే యేట మార్చిలో స్వప్నలోక్ సముదాయమున మంటలు చెలరేగి ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించిరి. శిక్షణాలయములు, గోదాములు, వసతిగృహములు ఒకే ఇరుకు మెట్లవెంబడి పేర్చబడిన సందులో నివసించువారు ఆ వార్తలను చదివి సులభముగ నిద్రింపలేరు.

వానకాలము మఱియొక పరీక్ష. జూబ్లీహిల్స్, యూసుఫ్‌గూడ ఎత్తులనుండి దిగు నీరు మధురానగర్, మైత్రీవనము మీదుగా హుస్సేన్‌సాగరమువైపు పోవలయును. పంజాగుట్ట వైపున నాలా ఆ పని చేయవలయును. ప్రవాహమార్గము ఇరుకై, పూడిక నిండిన చోట నీరు అంగడిలోనికే వచ్చును. 2025 ఆగస్టులో మైత్రీవనము కూడలి మోకాలిలోతు నీట నిలిచిన దృశ్యము నగరమంతయు చూచినది. దుకాణదారునకది ఒక పూట వ్యాపారనష్టము. నేలమాళిగలోనో, పల్లపుటింటిలోనో ఉన్నవారికి నెలసరుకు బియ్యము తడిసిపోవుట.

కొనుగోలుదారుని హక్కులను గూర్చియు రెండు మాటలు. 2020 జూలై 20న అమలునకు వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఇయ్యకుండుటయు, లోపమున్న సరుకును దుకాణము చెప్పిన గడువులో, గడువు చెప్పనియెడల ముప్పది దినములలో, తిరిగి తీసికొన నిరాకరించుటయు అనుచిత వ్యాపారపద్ధతులే. బిల్లు వెనుక "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని అచ్చువేసినంత మాత్రమున లోపమున్న వస్తువు విషయమున అది చెల్లదు. కౌంటరువద్ద చెప్పాపెట్టక చేతిసంచికి డబ్బు వసూలుచేయుట తగదని జాతీయ వినియోగదారుల కమిషను 2020 డిసెంబరులో తీర్పు చెప్పినది. 1915 అను ఫోను సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును. ఇది తెలిసినవారు తక్కువ. తెలిసినను ఇరువది రూపాయలకు తగవెందుకని ఊరకుండువారే ఎక్కువ.

వాస్తవ్యులకును, దారిప్రక్క అమ్మువారికిని వైరమున్నదని తఱచు వినబడును. నేను చూచినంతలో అది సగము సత్యము. ప్రధాన మార్గమున నడకబాటను అడ్డగించు ఫోను కవర్ల బల్లలమీద వాస్తవ్యులకు కోపమున్నది. సందులో ఉదయము వచ్చు కూరగాయల బండి రానినాడు మాత్రము ఆ ఇండ్లలోనే వెలితి. 2018 జూలైలో నగరపాలక సంస్థ నడకబాటల ఆక్రమణలను తొలగించినపుడు బాట దొరకినందుకు సంతోషించినవారే, చిన్నపాటి అమ్మకపువారు కనబడనందుకు చింతించిరి. అందఱిని ఒకే కర్రతో తరుముట సులభము. ఎవరికెచ్చట చోటు అని నిర్ణయించుటకు ఓర్పు కావలయును. ఆ ఓర్పునకు 2014 నాటి వీధివిక్రేతల చట్టము మార్గము చూపినది. ప్రతి పట్టణమున విక్రయ సంఘమొకటి ఉండవలయును. అందు నూటికి నలుబదికి తక్కువ కాకుండ అమ్ముకొనువారే సభ్యులు కావలయును. వర్తక సంఘములతోపాటు నివాసుల సంక్షేమ సంఘములకును అందు ప్రాతినిధ్యము కలదు.

అమీర్‌పేట, పంజాగుట్ట కాలనీల సంఘములు ఆ స్థానము తమకు కావలెనని గట్టిగ అడుగవలయును. ప్రధాన మార్గమును నడచువారికి వదలి, వెనుక సందులలో ఉదయము ఆరు మొదలు పది గంటలవరకు ఆకుకూరల బండ్లకు, చెప్పులు కుట్టువానికి, ఇస్త్రీబండికి గీతలు గీసి చోటు చూపుమని కోరవలయును. ఆ సమావేశమునకు సంఘాధ్యక్షుడే పోనక్కరలేదు. ప్రతిదినము సంచి పట్టుకొని ఆ సందులో కూర కొనుచున్న ఇల్లాలిని పంపినచో, ఏ మలుపున బండి నిలిచిన ఎవరికి అడ్డమో, ఏ చెట్టుక్రింద నీడ యుండునో ఆమె చెప్పగలదు.